మంచు పైనుందా, కిందుందా? వెస్ట్ హైలాండ్ వే నడక మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో స్కాట్లాండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే గురించి నాలుగు ముక్కలు రాశాను. గ్లాస్గో పక్కనే ఉన్న మిల్‌గై అనే ఊరి నుంచి ఫోర్ట్ విలియం దాకా 96 మైళ్ళు, అంటే సుమారు 154 కిలోమీటర్ల కాలిబాట, 1980 అక్టోబర్‌లో ఓపెన్ చేశారు, ఆ దేశంలో అఫీషియల్‌గా పెట్టిన మొట్టమొదటి లాంగ్ డిస్టెన్స్ ట్రైల్ అదే, మామూలుగా ఏడెనిమిది రోజులు పడుతుంది అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు. మొత్తం దారి గురించి అడిగినవాళ్ళు తక్కువ, ఒక్క రోజు నడిస్తే ఎలా ఉంటుంది, మంచు పట్టేస్తే ఏం చెయ్యాలి అని అడిగినవాళ్ళే ఎక్కువ. కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

అక్కా, మేం నలుగురం ఎమ్మెస్సీ స్టూడెంట్స్‌మి. వీకెండ్‌లో ఒక్క రోజు నడుద్దాం అనుకుంటున్నాం, బెస్ట్ పార్ట్ ఏదో చెప్పండి. మేం స్పీడ్‌గానే నడుస్తాం, 14 కిలోమీటర్లంటే మూడు గంటలు చాలు కదా?
*ఒక స్టూడెంట్, గ్లాస్గో*

తమ్ముడూ, ముందు ఆ మూడు గంటల లెక్క పక్కన పెట్టండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఒక్క రోజే ఉంది అంటే నేను కళ్ళు మూసుకుని కింగ్స్‌హౌస్ నుంచి కిన్‌లాఖ్‌లెవెన్ దాకా ఉన్న ముక్కే చెప్తా. మీరన్నట్టు 14 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం వెళ్ళే బస్సు ఆ రోడ్డు మీదే పోతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరితే సరిపోతుంది. కింగ్స్‌హౌస్ అంటే ఊరనుకునేరు, ఊరేం కాదు, పెద్ద బీడు మధ్యలో పాతకాలం నుంచి ఉన్న ఒక సత్రం లాంటి హోటల్, పక్కనే ఏరు, అంతే. ఎర్రజింకలు మనుషులకి అలవాటు పడిపోయి హోటల్ చుట్టూ తిరుగుతుంటాయి, ఫోటో కోసం వాటికి బిస్కెట్లు, బ్రెడ్డు పెట్టకండి దయచేసి, అది వాటికి మంచిది కాదు. ఎదురుగా గోపురంలా నిలబడి ఉంటుంది బూఖిల్ ఎటివ్ మోర్ అనే కొండ, వెయ్యి మీటర్ల పైచిలుకు. గేలిక్ భాషలో దాని పేరుకి ఎటివ్ లోయని కాసే పెద్ద కాపరి అని అర్థం, అంటే మన మాటలో పెద్దగొల్ల అన్నమాట, నాకు ఆ పేరంటే చాలా ఇష్టం. మబ్బు దిగిన రోజున పెద్దగొల్ల మోకాళ్ళ దాకే కనిపిస్తాడు.

మొదటి నాలుగైదు కిలోమీటర్లు రోడ్డుకి దగ్గర్లోనే దారి నడుస్తుంది, లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఏం గొప్పగా ఉండదు. తర్వాత ఆల్ట్‌నఫే అనే చోటు వస్తుంది, రోడ్డు పక్కన చిన్న పార్కింగ్, కాసిని చెట్లు. ఈ చోటు గుర్తు పెట్టుకోండి, నేను చెప్పేదాంట్లో ఇదే ముఖ్యం. ఇక్కడి నుంచి దారి రోడ్డుని వదిలేసి కుడివైపు కొండెక్కుతుంది, మళ్ళీ రోడ్డు తగిలేది కిన్‌లాఖ్‌లెవెన్‌లోనే. అంటే వెళ్దామా, వద్దా అని తేల్చుకోవాల్సింది ఇక్కడ, పైకెక్కాక కాదు.

ఆ ఎక్కుడునే డెవిల్స్ స్టెయిర్‌కేస్ అంటారు. పేరులో మెట్లున్నాయి గానీ దారిలో మెట్లుండవు, మన ఘాట్ రోడ్డు లాగా మెలికలు తిరుగుతూ పోయే రాళ్ళ బాట. సుమారు 250 మీటర్ల ఎత్తు ఎక్కితే కనుమ మీదికి చేరతారు, అది 548 మీటర్లు, మొత్తం 96 మైళ్ళలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి ఇదేం పెద్ద కష్టం కాదు, కాకపోతే అలిపిరిలో నెత్తి మీద రేకులుంటాయి, దారి పొడుగునా కొట్లు, లైట్లు, గోవింద నామాలు, వెనకా ముందూ జనం, ఇక్కడ అవేవీ ఉండవు, మీ నలుగురూ, గాలీ, అంతే.

అసలు కష్టం దిగేటప్పుడు. 548 మీటర్ల నుంచి సముద్ర మట్టం దాకా దిగాలి, ఎందుకంటే కిన్‌లాఖ్‌లెవెన్ ఒక సముద్రపు పాయ కొసన ఉంటుంది. చాలాసేపటికి ఊరు కనిపిస్తుంది, హమ్మయ్య వచ్చేశాం అనుకుంటారు, దారి ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఆ చివరి గంటలోనే మోకాళ్ళు పట్టేసేది, కాలు మడత పడేది.

ఇప్పుడు మూడు గంటల లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాటిష్ ఆయన ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ కొండల్లో తిరిగేవాళ్ళు దాన్నే వాడతారు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే నడిచే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలుపుకోవాలి. ఆ లెక్కన మీ 14 కిలోమీటర్లకి రెండు గంటల ముప్పావు పైన, ఎక్కుళ్ళన్నీ కలిపి ఇంకో నలభై నిమిషాలు వేసుకోండి, మూడున్నర. అది కూడా వాతావరణం బాగున్న రోజున ఎక్కడా ఆగకుండా, ఫోటో తీయకుండా, ఒక్కరు కూడా వెనకబడకుండా. నలుగురిలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి స్పీడే మీ అందరి స్పీడు, మంచులో అతన్ని వెనక వదిలి ముగ్గురు ముందుకి పోవడం అంత తప్పు ఇంకోటి లేదు. నేనైతే ఈ ముక్కకి ఆరు గంటలు పెట్టుకుంటా. తిరుగు బస్సు టైమ్ ముందే చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి, ఆల్ట్‌నఫే దగ్గర ఏ టైమ్ దాటితే ఎక్కకూడదో అదే చెప్తుంది. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది, డిసెంబర్‌లో నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది, ఒకే దారి గానీ రెండూ వేరే వేరే నడకలు.

మేడమ్, మాది పాడేరు. మాకు వంజంగి ఉంది, లంబసింగి ఉంది, మంచు మాకు కొత్త కాదు. స్కాట్లాండ్ మంచులో అంత జాగ్రత్త పడాల్సింది ఏముంది?
*ఒక టీచర్, పాడేరు*

చాలా మంచి ప్రశ్న సార్, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. మనకి మంచు అన్న ఒక్క మాటే ఉంది, పొద్దున గడ్డి మీద పడేదీ మంచే, హిమాలయాల్లో తెల్లగా పేరుకునేదీ మంచే, దారి మూసేసేదీ మంచే. నేను ఇక్కడ చెప్పేది మూడోదాని గురించి, పొగమంచు.

మీ దగ్గర చలికాలంలో ఏం జరుగుతుందంటే, రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేలలోని వేడంతా పైకి పోతుంది, నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న గాలి చల్లబడి బరువెక్కి నెమ్మదిగా లోయలోకి జారి కూర్చుంటుంది, అందులో తేమ పొగమంచు అవుతుంది. అందుకే తెల్లవారుజామున మీరు వంజంగి కొండ ఎక్కితే మబ్బుల సముద్రం మీ కాళ్ళ కింద ఉంటుంది, పైన సూర్యుడు. ఎండ ముదిరే కొద్దీ అదంతా కరిగిపోతుంది. అంటే మన మంచు కింద ఉంటుంది, పైకెక్కితే బయటపడతాం, ఇంకాసేపు ఆగితే అదే పోతుంది.

అక్కడ సరిగ్గా తిరగబడుతుంది. అట్లాంటిక్ సముద్రం మీంచి తేమ నిండిన గాలి నైరుతి నుంచి వచ్చి ఆ పడమటి కొండలకి కొట్టుకుంటుంది, వెళ్ళడానికి ఇంకో దారి లేక పైకి లేస్తుంది, లేచేకొద్దీ చల్లబడి మబ్బు అవుతుంది, ఆ మబ్బు కొండ నెత్తిన కూర్చుంటుంది. మనం నడిచేది ఆ మబ్బు కడుపులో. గాలి వీస్తున్నంతసేపూ కొత్త మబ్బు తయారవుతూనే ఉంటుంది కాబట్టి పది గంటలకి పోతుందిలే అని కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చోవాల్సి రావచ్చు. ఆ పడమటి కొండల్లో బాగా వానలు పడే చోట్ల ఏడాదికి 3000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, మన హైదరాబాద్‌కి పడేది 800 చుట్టుపక్కల. కింద కింగ్స్‌హౌస్ దగ్గర బాగానే ఉంటుంది, ఎక్కిన కొద్దీ లోపలికి వెళ్ళిపోతాం, గాలి ఉంటుంది, బట్టలు తడుస్తాయి, ఒంట్లో వేడి పోతుంది. అక్కడ మంచులోంచి బయటపడాలంటే దిగాలి. చలికాలంలో గాలి లేని కొన్ని రోజుల్లో అక్కడా వంజంగి లాగే లోయల్లో మబ్బు, పైన ఎండ ఉంటుంది, అలాంటి రోజు దొరికితే అదృష్టమే, దాన్ని నమ్ముకుని మాత్రం బయల్దేరకూడదు.

ఇంకో మాట, వాళ్ళకి దీనికోసం బోలెడు మాటలున్నాయి. మొహానికి తగిలీ తగలనట్టు పడేదాన్ని స్మర్ అంటారు, అది మన తుంపర. రోజంతా బూడిదరంగులో, చల్లగా, తడిగా, వదలకుండా ఉండేదాన్ని డ్రీఖ్ అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు దీనికి తెలుగేంటా అని వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, ముసురు. మన ముసురుకి వేడి పకోడీలుంటాయి కదా, అంతే తేడా.

అమ్మా, మా అమ్మాయి ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తోంది. మే నెలలో ఒక్కతే వారం రోజులు ఈ దారిలో నడుస్తానంటోంది. ఫోన్ సిగ్నల్ ఉండదట. నాకు నిద్ర పట్టడం లేదు. వద్దని చెప్పమంటారా?
*ఒక తల్లి, హన్మకొండ*

వద్దని నేను చెప్పలేనమ్మా, నాకూ కూతురుంది, మీ భయం నాకు తెలుసు, కానీ ఆ అమ్మాయి ముందే మీకు చెప్పింది చూశారా, అది చాలా పెద్ద విషయం, వద్దంటే ఇంకోసారి చెప్పకుండా వెళ్తుంది.

ముందు మీకు ధైర్యం కలిగేవి చెప్తా. మే నెలలో ఆ దారి ఖాళీగా ఉండదు, రకరకాల దేశాలవాళ్ళు నడుస్తుంటారు, ముసలివాళ్ళు కూడా, ఒంటరిగా నడిచే ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. దారి పొడుగునా గుర్తులుంటాయి, ఆరు పలకల గుర్తులో ముళ్ళపువ్వు బొమ్మ. పెద్ద బ్యాగ్‌ని రోజూ తర్వాతి మకాంకి వ్యాన్‌లో చేర్చే సర్వీసులున్నాయి, చిన్న సంచితో నడవొచ్చు. రోజూ చీకటి పడేలోపు హాస్టలో, లాడ్జో ముందే బుక్ చేసుకోమనండి, టెంట్ వేసుకునేట్టయితే దారిలో వచ్చే లోమండ్ సరస్సు తూర్పు ఒడ్డున మార్చి నుంచి సెప్టెంబర్ దాకా పర్మిట్ కావాలి.

ఇక సిగ్నల్ సంగతి. గంటలు గంటలు ఉండదు, నిజమే. ఫోన్ కలవలేదు అంటే ఆపద వచ్చిందని కాదు, ఈ ఒక్కటి మీరు మనసులో గట్టిగా పెట్టుకోవాలి. గంటకోసారి ఫోన్ చెయ్యమనకండి, రోజుకి ఒకే ఒక్క టైమ్ పెట్టుకోండి, మకాం చేరాక. ఇవాళ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి చేరాలి, చేరకపోతే ఎన్ని గంటలు ఆగి ఎవరికి చెప్పాలి అన్నది కాగితం మీద రాసి ఎడిన్‌బరోలోనే ఉన్న ఒక ఫ్రెండ్‌కి ఇవ్వమనండి, ఎందుకంటే మీరు హన్మకొండ నుంచి కంగారు పడటం తప్ప ఏం చెయ్యలేరు, అక్కడున్న మనిషి ఆ దేశపు ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చెయ్యగలదు.

ఇప్పుడు రాసేది అమ్మాయికి చదివి వినిపించండి. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వాళ్ళు వాలంటీర్లు, జీతాలు ఉండవు, మన దగ్గర డబ్బులూ తీసుకోరు, ఆ దారి పక్కనే ఉన్న గ్లెన్‌కో లోయలోని టీమ్ 1961 నుంచి ఆ పని చేస్తోంది, కాబట్టి బిల్లెంత అవుతుందో అని ఆలోచించి ఆలస్యం చెయ్యకూడదు. మాట వినపడేంత సిగ్నల్ లేకపోయినా మెసేజ్ వెళ్ళొచ్చు, దానికి ముందే ఇంట్లో ఉన్నప్పుడే రిజిస్టర్ అన్న ఇంగ్లీష్ మాట 999కి మెసేజ్ కొట్టి నమోదు చేసుకోవాలి. ఒక విజిల్ మెడలో ఉండాలి, ఆరుసార్లు ఊదడం, ఒక నిమిషం ఆగడం, మళ్ళీ ఆరుసార్లు, అది సహాయం కావాలన్న గుర్తు. జవాబుగా మూడుసార్లు వినిపిస్తుంది, అది విన్నా ఊదడం ఆపకూడదు, వాళ్ళు చప్పుడు పట్టుకునే వస్తారు.

మంచులో దారి మీద అనుమానం వస్తే ముందుకి వెళ్ళకూడదు. ఇంకో నాలుగడుగులు వేస్తే కనిపిస్తుందేమో అనిపిస్తుంది, అలా నాలుగేసి అడుగులతోనే మనుషులు తప్పిపోయేది. నిలబడాలి, చివరిసారి ఇదే దారి అని ఖాయంగా తెలిసిన చోటు ఏదో గుర్తు తెచ్చుకోవాలి, అది దారి గుర్తు వేసిన స్తంభమో, వాగు దాటిన చోటో, అక్కడికి వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోమనండి, కానీ చలికి బ్యాటరీ తొందరగా పోతుంది, తడి వేలికి స్క్రీన్ పలకదు, అందుకని కాగితం మ్యాప్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని, దిక్సూచి వాడటం ఏదైనా పార్క్‌లో రెండు రోజులు ప్రాక్టీస్ చేసి మరీ వెళ్ళాలి.

చివరిది, నీళ్ళు. 2024 ఏప్రిల్‌లో పెర్త్‌షైర్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర నీళ్ళలో పడి ఇద్దరు తెలుగు పిల్లలు పోయారు, చదువుకోడానికి వెళ్ళినవాళ్ళు. అది ఈ దారిలో కాదు, కానీ ఆ వార్త చదివిన రోజు నుంచి నేను ఎవరికి ఏ నడక గురించి చెప్పినా ఈ మాట చెప్పకుండా ఆపను. అక్కడ నీళ్ళు వేసవిలో కూడా ఒళ్ళు కొయ్యబారేంత చల్లగా ఉంటాయి, పడగానే ఊపిరి మన చేతిలో ఉండదు, బాగా ఈత వచ్చినవాళ్ళకి కూడా. తడి రాళ్ళ మీద నిలబడి ఫోటో వద్దమ్మా. వాగు పొంగి ఉంటే దాటొద్దు, ఆ రోజు నడక అక్కడితో ఆపెయ్యాలి.

జీన్స్, స్పోర్ట్స్ షూస్, గొడుగు చాలవా? అన్నీ కొత్తవి కొనాలంటే చాలా ఖర్చు.
*ఒక పాఠకుడు, లండన్*

షూస్ సంగతి తర్వాత, జీన్స్ మాత్రం వద్దు. కాటన్ తడిస్తే నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది, మంచులో గాలికి అది చాలా ప్రమాదం. ఇంట్లో జిమ్‌కి వాడే పాలిస్టర్ ట్రాక్ ప్యాంట్ ఉంటే అదే వేసుకోండి, దాని మీదికి చవకరకం రెయిన్ ప్యాంట్. డబ్బు పెట్టాల్సింది నిజంగా నీళ్ళు ఆపే జాకెట్ మీద, బూట్ల మీద, ఈ రెండిటికే. గొడుగు ఆ గాలికి మొదటి అరగంటలోనే తిరగబడుతుంది, పోంచో మొహం మీదికి లేచి కాళ్ళ కింద దారి కనపడనివ్వదు. బ్యాగ్ మీద వేసే కవర్‌ని కూడా గాలి ఎత్తుకుపోతుంది, దానికన్నా బ్యాగ్ లోపల చెత్తబుట్టకి వాడే పెద్ద నల్ల కవర్ ఒకటి వేసి బట్టలన్నీ అందులో పెట్టి మూతి మెలితిప్పండి, పది పెన్నీల పని, నా అనుభవంలో దాన్ని మించింది లేదు. ఒక ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్ళు ఎప్పుడూ పొడిగా మిగలాలి. కొత్త బూట్లయితే ఇంటి చుట్టుపక్కల కనీసం ఒక నెల నడిచి మరీ వెళ్ళండి, మడమ దగ్గర కాస్త వేడిగా అనిపించగానే ఆగి టేప్ వెయ్యాలి, బొబ్బ లేచాక వేస్తే లాభం లేదు.

మేం శాకాహారులం, ఉల్లి వెల్లుల్లి కూడా తినం. దారిలో ఏం తినాలి?
*ఒక పాఠకురాలు, తెనాలి*

కింగ్స్‌హౌస్ దాటాక కిన్‌లాఖ్‌లెవెన్ దాకా ఏ కొట్టూ ఉండదు, కాబట్టి ఎవరైనా మోసుకెళ్ళాల్సిందే. పొద్దున కలిపిన చింతపండు పులిహోర కన్నా మంచిది నాకు తెలీదు, చల్లారినా బాగుంటుంది, ఒలికిపోదు. కానీ మంచులో, గాలిలో కూర్చుని డబ్బా విప్పి తినే ఓపిక ఉండదు, కూర్చుంటే ఒళ్ళు చల్లబడిపోతుంది కూడా, అందుకని జేబులో చెయ్యి పెడితే దొరికేవి ఉండాలి. సున్నుండలు, చిమ్మిలి, వేరుశనగ చిక్కీ. నువ్వులు, బెల్లం చలికి మన పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఫ్లాస్కులో వేడి వేడి మిరియాల చారు పోసుకెళ్ళండి, కనుమ మీద ఒక్క గుక్క తాగితే ప్రాణం లేచొస్తుంది.

జులైలో వెళ్తున్నాం. అక్కడ దోమలు విపరీతం అంటున్నారు, నిజమేనా?
*ఒక పాఠకుడు, మిల్టన్ కీన్స్*

నిజమే. దోమ కాదు, మిడ్జ్ అనే నలుసంత పురుగు, మే చివర నుంచి సెప్టెంబర్ దాకా గుంపులు గుంపులుగా వస్తుంది. గాలి లేని, మబ్బు పట్టిన సాయంత్రాలు దానికి పండగ, గాలి వీస్తే, ఎండ కాస్తే కనపడదు. తలకి వేసుకునే వల కొనుక్కోండి, ఆగేటప్పుడు గాలి తగిలే చోట ఆగండి. దీనికన్నా గడ్డిలో ఉండే టిక్స్‌కి, అంటే గోమారి లాంటి పురుగుకి జాగ్రత్తపడాలి, రాత్రి పడుకునే ముందు మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోండి, దాని వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు.

నాకు 61 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అబ్బాయి దగ్గరికి గ్లాస్గో వస్తున్నా. ఈ దారిలో ఒక్క రోజైనా నడిచే భాగ్యం ఉందా నాకు?
*ఒక రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి*

ఎందుకు లేదండీ! మీరు డెవిల్స్ స్టెయిర్‌కేస్ వైపు వెళ్ళకండి, ఎక్కడం కన్నా ఆ దిగుడు మీ మోకాళ్ళని ఏడిపిస్తుంది. మొదటి రోజు దారి ఉంది చూశారా, మిల్‌గై నుంచి డమ్‌గోయిన్ దాకా, సుమారు 7 మైళ్ళు, అది మీకోసమే ఉన్నట్టుంటుంది. గ్లాస్గోలో రైలెక్కితే అరగంట లోపే మిల్‌గై, అక్కడ బజారు మధ్యలోనే మొదలవుతుంది. మొదట అడవి, తర్వాత ఒకప్పుడు రైలు పట్టాలున్న కట్ట మీద నడక, రైలు కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. పొద్దున పూట చుట్టుపక్కల కొండల మీద మబ్బు ఉంటుంది, మీరు కింద నడుస్తూ దాన్ని చూడొచ్చు. అక్కడి నుంచి గ్లాస్గోకి బస్సుంది. రెండు చేతులకీ రెండు కర్రలు పట్టుకోండి, ఒకటి కాదు రెండు, మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది. మొహమాటం వద్దు, అక్కడ పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా వాటితోనే నడుస్తారు.

మేడమ్, పోయిన సెప్టెంబర్‌లో మావారూ నేనూ మీరు చెప్పిన ఆ కనుమ ఎక్కాం. మంచు తప్ప ఏమీ కనపడలేదు. ఫోటోలన్నీ తెల్ల గోడలే. ఇంత డబ్బు పోసి తెల్ల గోడ చూడటానికి వెళ్ళామా అని ఆయన ఇప్పటికీ అంటున్నారు. మీరే చెప్పండి, అలాంటి రోజున ఎందుకు నడవాలి?
*ఒక పాఠకురాలు, రీడింగ్*

మీవారి బాధ నాకు బాగా తెలుసండీ. నేను ఆ కనుమ మూడుసార్లు దాటాను, రెండుసార్లు మంచులోనే. మొదటిసారి నేనూ మీవారిలాగే అనుకుని కిందికి దిగాను. రెండోసారి ఒక్కదాన్నే ఉన్నా, ఏదీ కనపడక పోయేసరికి చూపు దానంతటదే కాళ్ళ దగ్గరికి వచ్చేసింది. గడ్డిపోచ పోచకీ నీటి బొట్టు, సాలెగూళ్ళు మొత్తం ముత్యాలు గుచ్చినట్టు. ఎక్కడో రాళ్ళ కింద నీళ్ళు పారుతున్న చప్పుడు, ఎటువైపో చెప్పలేం. ఉన్నట్టుండి గడ్డిలోంచి గ్రౌస్ అనే పిట్ట లేచింది, కౌజు లాగా ఉంటుంది గానీ బాగా పెద్దది, దాని అరుపు అచ్చం గోబ్యాక్ గోబ్యాక్ అన్నట్టే ఉంటుంది, గుండె ఝల్లుమంది.

ఆ రోజే కాళ్ళ కింద రాళ్ళని సరిగ్గా చూశాను. ఆ దారి 18వ శతాబ్దం మధ్యలో సైనికులు వేసింది, 1745లో అక్కడివాళ్ళు రాజు మీద చేసిన తిరుగుబాటు తర్వాత ఆ కొండల్లోకి సైన్యం తేలిగ్గా వెళ్ళడానికి ప్రభుత్వం వేయించిన రోడ్లలో ఒకటి. రాళ్ళు మోసిన ఆ సైనికులే దానికి దెయ్యం పేరు పెట్టారంటారు. తర్వాత 1905 నుంచి 1909 దాకా అవతలి వైపు బ్లాక్‌వాటర్ డ్యామ్ కట్టారు, కిన్‌లాఖ్‌లెవెన్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు కోసం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు, ఐర్లాండ్ వాళ్ళు చాలామంది, పారలతో గునపాలతో కట్టిన డ్యామ్ అది. జీతం చేతికొచ్చిన రోజు ఈ కనుమ దాటి కింగ్స్‌హౌస్‌కి తాగడానికి వెళ్ళేవాళ్ళట, చలికాలం రాత్రి తిరిగొస్తూ కొందరు దారిలోనే ఉండిపోయారని చెప్తారు. డ్యామ్ దగ్గర ఆ కూలీల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఎండ కాసే రోజున నేను అదే కనుమ మీద నిలబడి కొండలు చూసి సంతోషపడి వచ్చేశాను, వాళ్ళు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. పదడుగుల అవతల ఏముందో తెలియని రోజునే, ఇంత దగ్గర్లో మనిషి ఎలా తప్పిపోతాడు అన్నది నాకు అర్థమైంది.

దిగుతుంటే ఒక చోట మబ్బు అంచు వస్తుంది, మీరూ దాటే ఉంటారు. ముందు తెలుపులో కాస్త ఆకుపచ్చ, తర్వాత బర్చ్ చెట్ల కొమ్మలు, తర్వాత డ్యామ్ నీళ్ళని కిందికి తీసుకెళ్ళే లావు పైపులు, ఆఖరికి ఊళ్ళో లైట్లు. ఆ కరెంటు వల్లే ఒకప్పుడు ప్రతి ఇంటికీ కరెంటున్న ఊరిగా దానికి పేరొచ్చింది, ఎలక్ట్రిక్ విలేజ్ అనేవాళ్ళు. ఆ లైట్లు చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

మీరు ఒక పని చెయ్యండి. ఆ తెల్ల గోడల ఫోటోలు డిలీట్ చేయకండి. ఒక్కో ఫోటో ఏ టైమ్‌కి తీశారో ఫోన్‌లో ఉంటుంది కదా. అక్కడి సర్వేవాళ్ళు వేసే ల్యాండ్‌రేంజర్ మ్యాపుల్లో ఈ దారి ఉన్న నంబర్ 41 కొని ఒక ఆదివారం మీవారితో కూర్చుని, ఆల్ట్‌నఫే నుంచి ఎన్నింటికి బయల్దేరారో అక్కడి నుంచి లెక్కేసుకుంటూ ఏ ఫోటో దగ్గర ఎక్కడ నిలబడ్డారో పెన్సిల్‌తో చుక్కలు పెట్టండి. ఉత్తరం వైపు తిరిగి తీసిన గోడల వెనక మామోర్స్ కొండలు, వాటి వెనక 1345 మీటర్ల బెన్ నెవిస్ ఉన్నాయి. తూర్పు వైపు గోడ వెనక ఆ డ్యామ్ నీళ్ళున్నాయి. వెనక్కి తిరిగి తీసింది ఒక్కటైనా ఉంటే అందులో పెద్దగొల్ల ఉన్నాడు.